న్యూయార్క్ ఫ్యామిలీ కోర్టులో ఫ్యామిలీ డిఫెన్స్ ఆఫీసు నడపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లల్ని నిర్లక్ష్యం చేశారనో, హింసించారనో న్యూయార్క్‌లో ప్రభుత్వం తల్లిదండ్రుల మీద వేసే కేసులు ఫ్యామిలీ కోర్టుకు వస్తాయి. ఆ కేసుల్లో ప్రభుత్వ ఖర్చుతో తల్లిదండ్రుల తరఫునో పిల్లల తరఫునో వాదించే ఆఫీసుల్ని నడిపేవారు, వాటిలో చేరబోయే లాయర్లు, సోషల్ వర్కర్లు, లా చదివే తెలుగు విద్యార్థులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. కేసు నెత్తిన పడ్డ కుటుంబాలకూ కొన్ని జవాబులు పనికొస్తాయి. అయితే ఇక్కడ చదివిన దాన్నిబట్టి మీ కేసులో నిర్ణయం తీసుకోవద్దు, మీ లాయర్‌తో మాట్లాడండి.

ఫ్యామిలీ కోర్టంటే విడాకుల కోర్టే కదా?

మన దగ్గర అంతే. న్యూయార్క్‌లో విడాకులు సుప్రీం కోర్టు ఇస్తుంది. పేరు సుప్రీం అయినా అక్కడ అది ట్రయల్ కోర్టే. ఫ్యామిలీ కోర్టు చూసేవి పిల్లల కస్టడీ, భరణం, ఇంట్లో హింసకు రక్షణ ఉత్తర్వులు, పిల్లల నేరాల కేసులు, అన్నిటికన్నా బరువైన ఆర్టికల్ 10 కేసులు. ఆర్టికల్ 10 అంటే పిల్లల నిర్లక్ష్యం, హింస ఆరోపణలు. న్యూయార్క్ నగరంలో ఈ కేసు వేసేది పిల్లల సంక్షేమ శాఖ ఏసీఎస్. మిగతా కౌంటీల్లో అక్కడి సోషల్ సర్వీసెస్ శాఖ వేస్తుంది. ఇందులో జైలు శిక్ష ఉండదు, జ్యూరీ ఉండదు. పోయేది బిడ్డ. అందుకే ఇది సివిల్ కేసైనా క్రిమినల్ డిఫెన్స్ ఆఫీసు లాగా నడపాలి.

లాయర్‌ను పెట్టాలన్న హక్కు ఎక్కడి నుంచి వచ్చింది?

పిల్లల నేరాల కేసుల్లో 1967లో అమెరికా సుప్రీం కోర్టు ఇచ్చిన గాల్ట్ తీర్పు నుంచి. తల్లిదండ్రుల విషయంలో న్యూయార్క్ రాష్ట్ర అత్యున్నత కోర్టు (కోర్ట్ ఆఫ్ అప్పీల్స్) 1972లోనే ఎల్లా బీ తీర్పుతో ఈ హక్కును గుర్తించింది. ఇప్పుడది ఫ్యామిలీ కోర్టు చట్టం సెక్షన్ 262లో ఉంది. పిల్లల లాయర్ సెక్షన్ 249 కింద వస్తాడు. దేశమంతటికీ ఇదే వర్తిస్తుందనుకోవద్దు. 1981లో లాసిటర్ కేసులో అమెరికా సుప్రీం కోర్టు 5-4 మెజారిటీతో, తల్లిదండ్రుల హక్కులు శాశ్వతంగా రద్దుచేసే కేసులో కూడా రాజ్యాంగం ప్రతి ఒక్కరికీ లాయర్‌ను ఇవ్వదని, కేసును బట్టి చూడాలని చెప్పింది. అందుకే రాష్ట్రం దాటితే లెక్క మారిపోతుంది. వేరే రాష్ట్రంలో పనిచేసి వచ్చిన లాయర్‌కు మొదటి వారంలో నేర్పాల్సింది ఈ తేడానే.

ఒకే ఆఫీసు తల్లికీ బిడ్డకూ వాదించవచ్చా?

ఒకే కేసులో కుదరదు. తల్లి బిడ్డను ఇంటికి తెమ్మంటుంది, బిడ్డ అమ్మమ్మ దగ్గర ఉంటానంటుంది. ఆఫీసులో ఒక లాయర్‌కు ఉన్న ప్రయోజనాల వైరుధ్యం ఆఫీసు మొత్తానికీ ఉన్నట్టే లెక్క. తల్లికీ తండ్రికీ కూడా చాలాసార్లు ఒకే ఆఫీసు పనికిరాదు, ముఖ్యంగా కొట్టుకున్న కేసుల్లో. నగరంలో అందుకే వేర్వేరు సంస్థలున్నాయి. పిల్లల తరఫున లీగల్ ఎయిడ్ సొసైటీ జువెనైల్ రైట్స్ విభాగం, లాయర్స్ ఫర్ చిల్డ్రన్ వంటివి. తల్లిదండ్రుల తరఫున బ్రాంక్స్ డిఫెండర్స్, బ్రూక్లిన్ డిఫెండర్ సర్వీసెస్, సెంటర్ ఫర్ ఫ్యామిలీ రిప్రజెంటేషన్, హార్లెమ్‌లోని నైబర్‌హుడ్ డిఫెండర్ సర్వీస్. వీళ్లెవరికీ కుదరనప్పుడు 18-బీ ప్యానెల్ లాయర్లు, అంటే ప్రభుత్వం గంటల లెక్కన డబ్బిచ్చే ప్రైవేటు లాయర్లు, వస్తారు. మసాచుసెట్స్‌లో మాత్రం రాష్ట్ర స్థాయి సంస్థ ఒకటే ఇద్దరికీ లాయర్లను సమకూరుస్తుంది. అయితే ఒక కేసులో ఎదురెదురుగా నిలిచేవాళ్లు ఒకే గది నుంచి రాకుండా చూసుకుంటుంది.

ఆఫీసు నడిపేవారి పని ఇక్కడ మొదలవుతుంది. వైరుధ్యం ఉందో లేదో పిటిషన్ చేతికొచ్చిన 15 నిమిషాల్లో తేలాలి. తల్లి పేరొక్కటే వెతికితే చాలదు. రెండో తల్లి లేదా తండ్రి, ప్రతి బిడ్డ పేరు, పుట్టిన తేదీ, ఇంట్లో ఉండే పెద్దలు, ఫిర్యాదు చేసినవారు, బిడ్డను ఉంచబోయే బంధువు, అందరినీ వెతకాలి. తెలుగు పేర్లతో ఇక్కడ ఇంకో చిక్కుంది. ఇంటిపేరు ఒక కాగితంలో ముందుంటుంది, ఇంకోదాంట్లో చివరుంటుంది, పాస్‌పోర్టులో తండ్రి పేరే ఇంటిపేరు స్థానంలో కూర్చుంటుంది. రెండు వరసల్లోనూ వెతకండి, పుట్టిన తేదీతో సరిచూడండి. మూడు నెలల తర్వాత వైరుధ్యం బయటపడితే కొత్త లాయర్ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఆ మూడు నెలలూ బిడ్డ బయటే ఉంటుంది.

పిల్లల లాయర్ చెప్పాల్సింది పిల్ల మాటా, పిల్ల మేలా?

న్యూయార్క్‌లో పిల్ల మాటే. 2007 నాటి కోర్టు నిబంధన 7.2 ప్రకారం బిడ్డ ఆలోచించి, ఎవరి ఒత్తిడీ లేకుండా నిర్ణయం చెప్పగలిగితే, అది తప్పని లాయర్‌కు అనిపించినా ఆ నిర్ణయం వైపే నిలబడాలి. రెండే మినహాయింపులు: బిడ్డకు ఆ శక్తి లేకపోవడం, లేదా బిడ్డ కోరిక వల్ల వెంటనే తీవ్రమైన హాని జరిగే గట్టి ప్రమాదం ఉండటం. అప్పుడు కూడా, బిడ్డ చెప్పమంటే, ఆ కోరికను జడ్జికి చెప్పి తీరాలి.

కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. తొమ్మిదేళ్ల పిల్ల ‘నాన్న దగ్గరికే పోతా’ అంటే ‘చిన్నపిల్ల, దానికేం తెలుసు’ అని తమ అభిప్రాయం రాసేస్తారు. వయసు ఒక్కటే కొలమానం కాదు. సూపర్‌వైజర్ ప్రతి ఫైల్లో మూడు సంగతులు చూడాలి: బిడ్డను లాయర్ ఎదురుగా ఎప్పుడు కలిశాడు, బిడ్డ ఏ మాటల్లో చెప్పింది, దాన్ని పక్కన పెడితే ఏ మినహాయింపు కింద పెట్టాడు. మూడోదానికి జవాబు లేకపోతే ఆ లాయర్ జడ్జి పని చేస్తున్నాడన్నమాట.

కేసు వచ్చిన మొదటి రోజు ఆఫీసు ఏం చేయాలి?

అన్నిటికన్నా ఎక్కువ మనుషుల్ని పెట్టాల్సింది ఈ రోజు మీదే. ఏసీఎస్ కోర్టు ఉత్తర్వు లేకుండానే బిడ్డను తీసుకెళ్లి ఉంటే, మామూలుగా మరుసటి కోర్టు పనిదినానికల్లా పిటిషన్ వేయాలి. తగిన కారణం చూపితే మూడు పనిదినాల దాకా గడువు దొరకవచ్చు. తల్లి రాత్రంతా నిద్ర లేకుండా కోర్టుకొస్తుంది. చేతిలో పిటిషన్ పెడతారు. గంటలో జడ్జి ముందుకు పిలుస్తారు.

ఆ గంట ఇలా గడవాలి. డ్యూటీ లాయర్ పిటిషన్ తీసుకుంటాడు, పారాలీగల్ వైరుధ్యం చూస్తుంది. లాయర్, సోషల్ వర్కర్ ఇద్దరూ కలిసి తల్లిని విడి గదిలో కూర్చోబెడతారు. కోర్టు వరండాలో ఇలాంటి మాటలు మాట్లాడకూడదు, పక్క బెంచీ మీద ఏసీఎస్ కేస్‌వర్కర్ ఉంటుంది. లాయర్ ఆరోపణల గురించి అడుగుతాడు. సోషల్ వర్కర్ అడగాల్సినవి వేరు: బిడ్డకు ఏ మందులు, ఏ అలర్జీ, ఏ బడి, ఎవరి దగ్గర నిద్రపోతుంది, ఇవాళ సాయంత్రం బిడ్డను ఇంటికి తెచ్చుకోగల బంధువు ఎవరు, వాళ్ల ఫోన్ నంబరు. ఆ బంధువుకు అక్కడికక్కడే ఫోన్ చేయాలి. ‘మా అత్తగారు తీసుకుంటారు’ అని జడ్జికి చెప్పడం వేరు, అత్తగారు కోర్టు హాల్లో కూర్చుని ఉండటం వేరు.

తర్వాత జడ్జిని అడగాల్సినవి: బిడ్డను ఇంటికి పంపడం, అది కుదరకపోతే బంధువు దగ్గర ఉంచడం, అదీ కుదరకపోతే, కొట్టిన మనిషే ఇంటి నుంచి బయటికి పోయేలా రక్షణ ఉత్తర్వు. ఏది జరిగినా తల్లి బిడ్డను కలిసి మాట్లాడే ఏర్పాటు ఆ రోజే అడగాలి. ‘ఏజెన్సీ (బిడ్డను చూసుకునే సంస్థ) విచక్షణ మేరకు’ అనే ముక్క ఉత్తర్వులో రానివ్వవద్దు. వారానికి ఎన్నిసార్లు, ఎక్కడ, పక్కన ఎవరుండాలి, ఏ బంధువు చాలు అన్నవి రాతలో ఉండాలి. రాష్ట్ర నిబంధన రెండు వారాలకు ఒకసారి కలవనివ్వడం కనీసమని అంటుంది. ఆ కనీసం దగ్గరే ఆగిపోయే కేసులు చాలా ఉంటాయి, ఎవరూ అడగరు కాబట్టి.

సెక్షన్ 1028 విచారణ అంటే ఏమిటి? వెంటనే అడగాలా, ఆగాలా?

బిడ్డను తిరిగి ఇవ్వమని తల్లిదండ్రులు పెట్టే దరఖాస్తు అది. అడిగిన మూడు కోర్టు పనిదినాల్లోపు విచారణ మొదలవ్వాలి. ఇంటికి పంపితే బిడ్డ ప్రాణానికో ఆరోగ్యానికో తక్షణ ప్రమాదమని ఏసీఎస్ చూపించలేకపోతే బిడ్డను ఇచ్చేయాలి.

అడగడం ఒక్క మాట. మూడు రోజుల గడియారం మాత్రం మీకూ తిరుగుతుంది. డాక్టర్ కావాలి, బడి రికార్డు కావాలి, బంధువు సాక్ష్యం కావాలి. ఎక్స్‌రే మీద తగువున్న కేసులో మీ సొంత నిపుణుడు లేకుండా మూడో రోజు నిలబడితే, ఓడిపోయిన విచారణ రికార్డు మిగతా కేసంతా వెంటాడుతుంది. అలాగని వారాలు ఆగితే బిడ్డ ఫోస్టర్ ఇంటికి (ప్రభుత్వం తాత్కాలికంగా ఉంచే వేరే ఇల్లు) అలవాటు పడిందన్న వాదన పుడుతుంది. మా అభిప్రాయం: వైద్య వివాదం లేని నిర్లక్ష్యం కేసుల్లో మొదటి రోజే అడగండి. వైద్య వివాదం ఉంటే నిపుణుణ్ని పట్టుకుని, తేదీ పెట్టుకుని అడగండి. ‘చూద్దాం’ అని ఫైలు మూయడం మాత్రం వద్దు.

ఇందులో ఒక ఉచ్చుంది. మొదటి రోజు జడ్జి, బిడ్డను ఇంటి బయట ఉంచాలా వద్దా అని సెక్షన్ 1027 కింద విచారణ జరిపి, తల్లి హాజరై, ఆమెకు లాయర్‌ను పెట్టుకునే అవకాశం ఉండి ఉంటే, 1028 హక్కు పోతుంది. మళ్లీ తగిన కారణం చూపితే తప్ప రాదు. కాబట్టి సిద్ధంగా లేనప్పుడు సగం సగం 1027 విచారణలోకి దిగవద్దు. తాత్కాలిక రిమాండ్‌కు, అంటే బిడ్డ ప్రస్తుతానికి బయటే ఉండటానికి, ఒప్పుకోక తప్పకపోతే ‘1028 హక్కుకు భంగం లేకుండా’ అన్న మాట రికార్డులోకి ఎక్కాలి. కొత్త లాయర్ జేబులో ఈ ఒక్క వాక్యం రాసిన చీటీ ఉండాలి.

ఆ విచారణలో అసలు గెలిపించేది ఏది?

2004లో న్యూయార్క్ రాష్ట్ర అత్యున్నత కోర్టు ఇచ్చిన నికల్సన్ తీర్పు. భర్త చేతిలో దెబ్బలు తిన్న తల్లుల దగ్గర్నుంచి, పిల్లలు ఆ హింస చూశారన్న కారణంతో, నగరం పిల్లల్ని తీసుకెళ్లిన కేసులవి. ప్రమాదం దగ్గర్లో ఉండాలి, ఊహించదగ్గది అయితే చాలదు అంది కోర్టు. దానికన్నా ముఖ్యంగా, ఇంట్లో ఉంచితే వచ్చే ప్రమాదాన్ని, ఇంటి నుంచి తీసేస్తే బిడ్డకు జరిగే హానితో పక్కపక్కన పెట్టి తూచమంది. ప్రమాదాన్ని తగ్గించే ఉత్తర్వులేమైనా ఉన్నాయేమో కూడా జడ్జి చూడాలి.

కాబట్టి ‘మా క్లయింట్ మంచిది’ అని వాదిస్తే సగమే. రెండో పళ్లెంలో బరువు పెట్టాలి. ఆస్తమా ఉన్న బిడ్డ కొత్త ఇంట్లో ఎన్నిసార్లు ఎమర్జెన్సీకి వెళ్లింది, ఎన్ని రోజులు బడి మానింది, తోబుట్టువులు విడిపోయారా, పాలు తాగే పసిబిడ్డా. ఇది సోషల్ వర్కర్ పోగుచేసే సాక్ష్యం. ఈ దశలో వినికిడి సాక్ష్యం కూడా ఒప్పుకుంటారు, సంబంధం ఉంటే చాలు. ఆరోపణలు నిజమో కాదో తేల్చే అసలు విచారణలో నియమాలు గట్టిపడతాయి.

విచారణ మొదలైతే వాయిదా పడకూడదని చట్టం. ఆచరణలో జడ్జి అరగంట ఇచ్చి, పది రోజుల తర్వాత మళ్లీ అరగంట ఇస్తారు. ప్రతి వాయిదాకూ అభ్యంతరం చెప్పి రికార్డు చేయించాలి. ఎన్ని వాయిదాలో లెక్కపెట్టి ఆఫీసు అధిపతి కోర్టు సూపర్‌వైజింగ్ జడ్జితో సమావేశంలో చూపించాలి. లాయర్ విడివిడిగా గొణిగితే జరగనిది, జాబితా చూపిస్తే కొంత జరుగుతుంది.

బృందంలో ఎవరెవరు ఉండాలి?

లాయర్, సోషల్ వర్కర్, పేరెంట్ అడ్వొకేట్, పారాలీగల్, అవసరమైతే ఇన్వెస్టిగేటర్. పేరెంట్ అడ్వొకేట్ అంటే తానే ఒకప్పుడు ఇలాంటి కేసు ఎదుర్కొని బయటపడిన మనిషి. డిగ్రీ లేదని తక్కువ జీతం ఇచ్చి టీ తెప్పించే పనిలో పెట్టకండి. ఏసీఎస్ సమావేశంలో తల్లి పక్కన కూర్చుని ‘ఈ కాగితం మీద సంతకం ఇప్పుడే పెట్టక్కర్లేదు’ అని తల్లి నమ్మేలా చెప్పగలిగేది ఆమే. నలుగురు లాయర్లకు కనీసం ఇద్దరు సోషల్ వర్కర్లు, ఒక పేరెంట్ అడ్వొకేట్ లేకపోతే బృందం అన్న పేరే మిగులుతుంది.

దీనికి ఆధారం ఉంది. న్యూయార్క్ నగరంలో ఇలాంటి బృందాలున్న ఆఫీసులను, ఒంటరి ప్యానెల్ లాయర్లను పోల్చి 2019లో ఒక అధ్యయనం వచ్చింది. బృందం వాదించిన కుటుంబాల పిల్లలు కేసు మొదలైన నాలుగేళ్లలో సగటున 118 రోజులు తక్కువగా ఫోస్టర్ కేర్‌లో ఉన్నారు. పిల్లల భద్రత తగ్గలేదు. బడ్జెట్ సమావేశానికి వెళ్లేటప్పుడు ఈ అంకె దగ్గర పెట్టుకోండి.

ఒక లాయర్‌కు ఎన్ని కేసులు?

వాషింగ్టన్ రాష్ట్రం తల్లిదండ్రుల లాయర్లకు చాలాకాలం 80 అంది. న్యూయార్క్‌లో పిల్లల లాయర్‌కు గరిష్ఠం 150 మంది పిల్లలు. అమెరికన్ బార్ అసోసియేషన్ ప్రమాణాల్లో 50 నుంచి 100 మాట ఉంది. ఇవి పైకప్పులు, లక్ష్యాలు కావు. లెక్క వేసి చూడండి: నెలకు 150 పని గంటలు, 80 కేసులు, ఒక్కో క్లయింట్‌తో నెలకు ఒక గంట. 80 గంటలు అక్కడే అయిపోయాయి. మిగిలిన 70 గంటల్లో కోర్టు, కోర్టులో ఎదురుచూపు, మోషన్లు, రికార్డులు చదవడం. ఏది ఎగిరిపోతుందో చెప్పక్కర్లేదు, క్లయింట్ ఫోనే. మా సలహా 50 దగ్గర ఆగమని, అందులోనూ హక్కుల రద్దు కేసును రెండుగా లెక్కపెట్టమని. కొత్త లాయర్‌కు మొదటి ఆరు నెలలు 25 దాటనివ్వద్దు.

కేసు పడకముందే, ఏసీఎస్ తలుపు తట్టినప్పుడే సాయం చేయవచ్చా?

చేయాలి. పిల్లల మీద ఫిర్యాదులు తీసుకునే రాష్ట్ర హాట్‌లైన్‌కు ఫోన్ వెళ్లాక 24 గంటల్లో విచారణ మొదలవుతుంది, 60 రోజుల్లో ముగించాలి. అత్యవసరం కానప్పుడు కోర్టు ఉత్తర్వు లేకుండా ఇంట్లోకి రానివ్వక్కర్లేదు. అయితే తలుపు మూసేయడం ఒక్కటే సలహాగా ఇవ్వకండి. వాళ్లు ఉత్తర్వు తెచ్చుకోగలరు, జడ్జికి ‘సహకరించలేదు’ అనీ చెబుతారు. అడ్వొకేట్‌ను వెంట పెట్టుకుని, ఏం చూపాలి, రికార్డులు ఇవ్వడానికి ఒప్పుకునే ఏ పత్రంపై సంతకం పెట్టకూడదు అని చెప్పి పంపడం మేలు. ముఖ్యంగా వైద్య, మానసిక వైద్య రికార్డులకు ఖాళీ సంతకం ఇవ్వకూడదు. ఈ దశలో వారం పెట్టిన పని కోర్టులో ఏడాది ఆదా చేస్తుంది.

మన ఇళ్లలో పిల్లలకు ఒక దెబ్బ వేయడం మామూలే కదా, అదీ కేసేనా?

చట్టం ‘మితిమీరిన శారీరక దండన’ అంటుంది. అరచేతి దెబ్బ దానంతటదే నిర్లక్ష్యం కాదు. బెల్టు, గరిట, మచ్చ, ముఖం మీద దెబ్బ వస్తే సంగతి వేరు. టీచరు, డాక్టరు చట్టప్రకారం ఫోన్ చేసి తీరాలి, వాళ్ల మీద కోపం పెట్టుకుని లాభం లేదు. ఇంట్లో ఒంటరిగా వదలడానికి ఇన్నేళ్లు నిండాలని న్యూయార్క్ చట్టంలో అంకె లేదు. పరిస్థితిని బట్టి చూస్తారు. 2021 నుంచి గంజాయి వాడకం ఒక్కటే నిర్లక్ష్యానికి రుజువు కాదు. పేదరికమూ కాదు: తిండి, బట్ట, ఇల్లు విషయంలో ‘స్థోమత ఉండి కూడా’ ఇవ్వలేదని ఏసీఎస్ చూపాలి. ఆ మూడు మాటలు మరిచిపోయే పిటిషన్లు తక్కువేమీ కాదు.

క్లయింట్ మాట్లాడాలా, మౌనంగా ఉండాలా?

పోలీసు కేసు కూడా ఉంటే ఇదే అన్నిటికన్నా కష్టమైన నిర్ణయం. ఫ్యామిలీ కోర్టులో చెప్పినది క్రిమినల్ కోర్టుకు పోవచ్చు. మౌనంగా ఉంటే, ఇది సివిల్ కాబట్టి, జడ్జి ఆ మౌనాన్ని క్లయింట్‌కు వ్యతిరేకంగా తీసుకోవచ్చు. సాక్ష్యానికి రక్షణ ఇమ్మని సెక్షన్ 1014 కింద అడగవచ్చు. క్రిమినల్ లాయర్‌తో మాట్లాడకుండా తల్లిని బోనెక్కించవద్దని ఆఫీసు నియమంగా రాసిపెట్టండి. కౌన్సెలింగ్‌లో చెప్పేదీ కేస్‌వర్కర్ నోట్సులో చేరుతుందని క్లయింట్‌కు మొదటి రోజే చెప్పాలి.

సోషల్ వర్కర్ చట్టప్రకారం ఫిర్యాదు చేయాల్సిన మనిషి కదా, ఆమెతో క్లయింట్ ఎలా మాట్లాడతాడు?

నిజమైన చిక్కే. న్యూయార్క్‌లో లాయర్లకు ఆ బాధ్యత లేదు, సోషల్ వర్కర్ల పేరు జాబితాలో ఉంది. లాయర్ తరఫున, లాయర్ అదుపులో చేసే పనికి క్లయింట్ గోప్యత వర్తిస్తుందన్నది డిఫెన్స్ ఆఫీసుల వైఖరి. అది అనుకోవడంతో ఆగకుండా రాతలో విధానం ఉండాలి: సోషల్ వర్కర్ ఎవరికి రిపోర్ట్ చేస్తుంది, నోట్సు ఎక్కడ ఉంటాయి, అనుమానం వస్తే మొదట ఏ సూపర్‌వైజర్ దగ్గరికి రావాలి. ఉద్యోగంలో చేరే రోజే సంతకం తీసుకోండి. వైద్య బిల్లింగ్ చేసే క్లినిక్ పని ఆమె చేత చేయించవద్దు.

ఏ తేదీలు తప్పితే కొంప మునుగుతుంది?

బిడ్డను తీసుకున్న ఎనిమిది నెలల్లోపు మొదటి పర్మనెన్సీ విచారణ (బిడ్డ శాశ్వతంగా ఎక్కడ ఉండాలో చూసేది), తర్వాత ఆరు నెలలకోసారి. దానికి 14 రోజుల ముందు ఏజెన్సీ నివేదిక రావాలి. 1997 నాటి అమెరికా కేంద్ర చట్టం ప్రకారం గత 22 నెలల్లో 15 నెలలు ఫోస్టర్ కేర్‌లో ఉంటే, హక్కుల రద్దుకు పిటిషన్ వేయాలి. బిడ్డ బంధువు దగ్గరుంటే, బలమైన కారణం ఉంటే, ఇవ్వాల్సిన సేవలు ఏజెన్సీ ఇవ్వకపోతే మినహాయింపు. అందుకే ప్రతి ఫైలు పైన ‘15వ నెల’ తేదీ ఎర్రగా రాసి ఉండాలి, పదో నెలలోనే సూపర్‌వైజర్ ఆ ఫైలు తెప్పించుకోవాలి. తల్లి క్లాసు కోసం వెయిటింగ్ లిస్టులో నాలుగు నెలలుందంటే ఆ జాప్యానికి రుజువు అప్పుడే సేకరించాలి. తర్వాత ఎవరికీ గుర్తుండదు. హక్కుల రద్దుకు స్పష్టమైన, నమ్మదగిన సాక్ష్యం కావాలి. ఆ ప్రమాణం 1982లో సాంటోస్కీ కేసుతో వచ్చింది, అదీ న్యూయార్క్ కేసే.

అప్పీలుకు ఉత్తర్వు చేతికిచ్చిన నాటి నుంచి 30 రోజులు, క్లర్క్ పోస్టులో పంపితే 35. ఆర్టికల్ 10లో మధ్యంతర ఉత్తర్వు మీదా అప్పీలు హక్కే. 1028 గెలిచిన సాయంత్రమే ఏసీఎస్ పై కోర్టుకు స్టే కోసం పరుగెత్తవచ్చు. ఆ రోజు మీ అప్పీళ్ల లాయర్ సెలవులో ఉండకూడదు.

ఒప్పుకుని కేసు ముగించుకుంటే నష్టమేమిటి?

‘ఏమీ ఒప్పుకోకుండా తీర్పుకు అంగీకరిస్తున్నా’ అన్నా అది తీర్పే. పిల్లల నిర్లక్ష్యం, హింస రిపోర్టులు ఉంచే రాష్ట్ర రిజిస్టర్‌లో పేరు కేసులోని చిన్న బిడ్డకు 28 ఏళ్లు వచ్చేదాకా ఉండగలదు. 2022 నుంచి రిపోర్టు నిలబడాలంటే సాక్ష్యం ఎక్కువగా అటువైపు మొగ్గాలి, అంతకుముందు కొంత నమ్మదగిన సాక్ష్యం చాలేది. నిర్లక్ష్యం కేసులైతే ఎనిమిదేళ్ల తర్వాత ఉద్యోగమిచ్చేవారికి కనిపించవు. నర్సు, డే కేర్ టీచర్, హోమ్ హెల్త్ పనివాళ్లకు ఈ ఎనిమిదేళ్లే బతుకుతెరువు. సంతకానికి ముందు ‘మీరేం పని చేస్తారు?’ అని అడగని లాయర్‌కు శిక్షణ చాలలేదన్నమాట. వీలైతే సెక్షన్ 1039 వాయిదా కోసం పట్టుపట్టండి: షరతులు పాటిస్తే గడువు తీరాక కేసు కొట్టేస్తారు, తీర్పు ఉండదు. రిజిస్టర్ మీద అప్పీలు వేరే, దాని గడువు వచ్చిన లేఖలోనే ఉంటుంది. ఆ లేఖ ఫోటో తెప్పించుకోండి.

బంధువులు న్యూజెర్సీలో, అమ్మమ్మ ఇండియాలో ఉంటే?

తెలుగు కుటుంబాల్లో ఎప్పుడూ వచ్చే ప్రశ్న. హడ్సన్ నది దాటితే వేరే రాష్ట్రం, అంతర్రాష్ట్ర ఒప్పందం కింద అవతలి రాష్ట్రం ఆమోదించాలి, నెలలు పడుతుంది. మొదటి వారంలోనే కాగితాలు కదిలించాలి. అమ్మమ్మ విజిటర్ వీసా మీద వచ్చి ఉంటే కొంతకాలం బిడ్డను చూసుకోవడానికి పేరు ఇవ్వవచ్చు. కానీ జడ్జి ఆమె ఉండే గడువు ఎప్పటిదాకా అని అడుగుతారు, ఆ తేదీ చేతిలో ఉంచుకోండి. ఆ ఇంట్లో 18 దాటిన ప్రతివారికీ వేలిముద్రలు, రిజిస్టర్ తనిఖీ ఉంటాయి. గదిలో అద్దెకుండే రూమ్మేట్ కూడా లెక్కలోకే. బిడ్డ భారత పౌరుడైతే, గార్డియన్ నియామకం దాకా వెళ్లే సందర్భంలో వియన్నా కాన్సులర్ ఒప్పందం కింద కాన్సులేట్‌కు తెలియజేయాల్సి ఉంటుంది. కుటుంబానికి అది ఇష్టమో కాదో ముందే మాట్లాడండి, కొన్ని ఇళ్లలో కాన్సులేట్ అంటే ఊరంతటికీ తెలియడమే.

వీసాకు ఏమవుతుంది?

నిర్లక్ష్యం తీర్పు క్రిమినల్ శిక్ష కాదు. అయితే హింసకు సంబంధించిన రక్షణ ఉత్తర్వును ఉల్లంఘించారని కోర్టు తేల్చితే, శిక్ష లేకపోయినా దేశం నుంచి పంపేయడానికి అది కారణం కాగలదు. ‘ఒక్కసారి ఫోన్ చేసి సారీ చెప్పాను’ అనే భర్తకు ఇది ముందే చెప్పాలి. డిపెండెంట్ వీసా మీదున్న భార్యకు ఇంటి నుంచి బయటపడితే హోదా ఏమిటన్నది వేరే ప్రశ్న. ఇమిగ్రేషన్ లాయర్ ఆఫీసులో లేకపోతే ఒప్పందంతో బయట ఒకరుండాలి.

తెలుగు ఇంటర్‌ప్రెటర్ దొరుకుతారా?

కోర్టు ఉచితంగా ఇవ్వాలి. కానీ స్పానిష్ లాగా హాల్లో సిద్ధంగా ఉండరు, ముందు వాయిదాలోనే అడిగి రికార్డు చేయించండి. హిందీ ఇంటర్‌ప్రెటర్‌తో సర్దుకోవద్దు. బంధువును అసలే వద్దు. గోదావరి జిల్లా, తెలంగాణ పల్లె మాటల తేడా కూడా సాక్ష్యంలో తగులుతుంది. ‘బెదిరించాను’, ‘భయం చెప్పాను’ ఒకటి కాదు. అది అర్థం మార్చి ఇంగ్లిష్‌లోకి వెళితే అక్కడికక్కడే అభ్యంతరం చెప్పాలి.

డబ్బు ఎక్కడి నుంచి?

నగరంలో తల్లిదండ్రుల వైపు ఆఫీసులకు నగరం కాంట్రాక్టు, పిల్లల వైపు రాష్ట్ర కోర్టు వ్యవస్థ. ప్యానెల్ లాయర్ల గంట రేటు 2004 నుంచి 75 డాలర్లే, 2023లో రాష్ట్రమంతటా 158 అయింది. మధ్యలో మంచి లాయర్లు ఎంతమంది వదిలేశారో ఆ ప్యానెల్ జాబితాలు చూసినవారికి తెలుసు. 2018 చివర్లో అమెరికా కేంద్ర ప్రభుత్వం విధానం మార్చి, ఫోస్టర్ కేర్ కోసం రాష్ట్రాలకిచ్చే టైటిల్ నాలుగు-ఈ నిధుల నుంచి అర్హమైన న్యాయసాయం ఖర్చులో సగం తిరిగి ఇచ్చే వీలు కల్పించింది. ఆఫీసు నేరుగా అడగలేదు, రాష్ట్ర పిల్లల సంక్షేమ సంస్థ ద్వారా రావాలి. ఎదుటి పక్షంతో ఒకే గొడుగు కింద ఉన్న సంస్థ చేతుల మీదుగా డబ్బు వస్తుంది కాబట్టి, క్లయింట్ల పేర్లు గానీ కేసు వివరాలు గానీ వాళ్లకు వెళ్లకుండా ఒప్పందం రాయించుకోండి.

ఆఫీసు బాగా నడుస్తోందని ఎలా తెలుస్తుంది?

గెలుపు శాతం చూడకండి, సులువైన కేసులే తీసుకున్నా అది పెరుగుతుంది. ఇవి చూడండి: పిటిషన్ పడిన రోజే లాయర్ కలిసిన క్లయింట్లు ఎందరు, 1028 అడగడానికి ఎన్ని రోజులు పట్టింది, బిడ్డ బయట ఉన్న రోజులు, బంధువు దగ్గరికి వెళ్లినవారు, లాయర్ మారిన కేసులు. చివరిది పైకి కనిపించదు. లాయర్ ఉద్యోగం మానితే 50 కుటుంబాలు కథ మొదటి నుంచి చెప్పాలి. అందుకని హక్కుల రద్దు విచారణ ముగిసిన లాయర్‌ను మర్నాడు ఇంటేక్ (కొత్త కేసులు తీసుకునే) డ్యూటీకి వేయకండి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇలాంటి ఆఫీసు ఉందా?

ఇదే రూపంలో లేదు. 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం సెక్షన్ 13 ప్రకారం లాయర్ పెట్టుకోవడం అక్కడ హక్కు కాదు, కోర్టు అనుమతించాలి. పిల్లల రక్షణ సంగతి కోర్టుకు కాక 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం కింద బాలల సంక్షేమ సమితికి పోతుంది. బిడ్డను 24 గంటల్లో సమితి ముందు హాజరుపరచాలి. సమితిలో చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు. 2022లో జాతీయ న్యాయసేవాధికార సంస్థ (నల్సా) తెచ్చిన పూర్తికాల డిఫెన్స్ కౌన్సిల్ వ్యవస్థ క్రిమినల్ కేసులకే. అయితే 1987 నాటి న్యాయసేవల చట్టం సెక్షన్ 12 కింద మహిళలు, పిల్లలు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయానికి అర్హులు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో తెల్ల కాగితం మీద దరఖాస్తు ఇస్తే చాలు, లేదా 15100కు ఫోన్ చేయవచ్చు. బిడ్డ ఆపదలో ఉంటే 1098.